మూడు మైళ్ల కాగితం, ఒక పీహెచ్‌డీ

ఈసారి ఎపిసోడ్‌లో జాసెలిన్ బెల్ గారి గురించి చెప్పుకున్నాం కదా. వినే తీరిక లేనివాళ్ల కోసం, అందులో నా మనసుకి పట్టిన భాగం ఇక్కడ రాస్తున్నా. ఐటీఐ చదివి సైట్ సూపర్‌వైజర్ అయినోణ్ణి, ఖగోళశాస్త్రం నాకు కొత్త. కానీ రికార్డు రాయడం, రాసింది దాచడం మాకు రోజూ ఉండే పనే.

ఉత్తర ఐర్లాండ్ అమ్మాయి. 1965లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీకి చేరింది. గైడు ఆంటొనీ హ్యూయిష్. పరిశోధన క్వేజార్ల మీద. కావాల్సిన రేడియో టెలిస్కోప్ మాత్రం ఇంకా లేదు, వాళ్లే కట్టుకోవాలి. 4.5 ఎకరాల పొలంలో వెయ్యికి పైగా గుంజలు, 120 మైళ్ల వైరూ కేబులూ. రెండేళ్ల పని. ఆమె కూడా సమ్మెట పట్టి గుంజలు దిగ్గొట్టింది. పీహెచ్‌డీ అంటే ఏసీ గదిలో కూర్చునేది అనుకునే మా కుర్రాళ్లకి చెప్తే నమ్మలేదు!

1967 జులైలో టెలిస్కోప్ మొదలైంది. నడిపేదీ, వచ్చింది చదివేదీ ఆమె ఒక్కతే. పెన్ను కదులుతూ కాగితం మీద గీత గీస్తుంది, రోజుకి 96 అడుగులు. ఆకాశం మొత్తం ఒకసారి చూడ్డానికి 4 రోజులు, అంటే దగ్గర దగ్గర 400 అడుగులు. చివరికి మూడు మైళ్లు దాటింది. కంప్యూటర్‌కి ఇవ్వకూడదని ముందే అనుకున్నారు. కొత్త యంత్రం కదా, దాని తీరు తెలిసేదాకా కంటితోనే చూద్దామని.

ఇక అసలు సంగతి. ఆగస్టులో కాగితం మీద ఓ చిన్న గజిబిజి గీత కనబడింది. 400 అడుగుల్లో అంగుళం కూడా లేదు. క్వేజార్‌లా లేదు, మనుషుల రేడియో గోలలా కూడా లేదు. దీన్ని ఇంతకుముందు ఎక్కడో చూశానే అనిపించింది ఆమెకి. వెనక్కి వెళ్లి పాత చార్టులు తీసింది. ఆకాశంలో అదే చోట, అదే గీత.

చూస్కోండి, ఇక్కడే ఉంది అంతా. ఆ పాత చార్టులు ఏ రోజువో, ఏ దిక్కువో తెలియకుండా మూల పడేసి ఉంటే ఏం తీస్తుంది? మా పనిలోనూ అంతే. పోసిన ఆర్నెల్లకి స్లాబులో పగులు వస్తే, ఏ తేదీన పోశారు, ఏ లారీ, క్యూబ్ టెస్టు ఎంత వచ్చింది అని రిజిస్టర్ తీయాలి. అందులో లేకపోతే ఇక వాదులాటే.

తేదీలూ టైమూ ఉండబట్టే ఇంకోటి తేలింది. నక్షత్రాలు రోజూ 4 నిమిషాలు ముందుగా వస్తాయి. ఈ గీత కూడా అలాగే వస్తోంది. మన గడియారం చూసుకుని వచ్చేది కాదన్నమాట.

వివరంగా చూడాలంటే కాగితం వేగంగా నడపాలి. రోజూ ఆ టైముకి వెళ్లి స్విచ్ వేసేది. వారాల తరబడి ఏమీ లేదు. ఒకరోజు లెక్చర్ ఉందని మానేసింది, ఆరోజే వచ్చిపోయింది! మామూలు చార్టులో మర్నాడు చూసుకుంది. చివరికి నవంబర్ 28న దొరికింది: 1.33 సెకన్లకి ఒక దెబ్బ, తప్పకుండా. ఫోన్ చేస్తే హ్యూయిష్ గారు అది మనుషుల పనే అయ్యుంటుందన్నారు. మర్నాడు స్వయంగా వచ్చి చూశారు.

క్రిస్మస్ సెలవులకి ముందు ఆమెకి రెండోది దొరికింది. ఆమె ఊరెళ్తే హ్యూయిష్ గారే కాగితం, సిరా మారుస్తూ, చార్టులు ఆమె బల్ల మీద పేర్చి ఉంచారు. తిరిగొచ్చి వాటిల్లో మూడోదీ, నాలుగోదీ పట్టుకుంది. వీటినే పల్సార్లు అంటున్నాం. 1968 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. ఆమె థీసిస్ మాత్రం క్వేజార్ల మీదే, పల్సార్లు అనుబంధంలో ఉన్నాయి.

1974 నోబెల్ హ్యూయిష్‌కీ, మార్టిన్ రైల్‌కీ ఇచ్చారు. నాకైతే అది అన్యాయమే. ఆమె మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. 2018లో 30 లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ బహుమతి వస్తే, మొత్తం ఫిజిక్స్ పీహెచ్‌డీ స్కాలర్‌షిప్‌లకి ఇచ్చేసింది, ఆ రంగంలో తక్కువగా కనబడే వర్గాల పిల్లల కోసం. బ్రిటన్, ఐర్లాండ్‌లో పీహెచ్‌డీకి చూస్తున్న పిల్లలు మీ ఇళ్లలో ఉంటే, బెల్ బర్నెల్ పేరుతో ఉంటుంది, కనుక్కోండి.