వరాహలాంఛనమును ఊరపందియును

ఆంధ్రదేశమును పాలించిన రాజవంశములలో వరాహలాంఛనమును ధరించినవి పెక్కులు. బాదామి చాళుక్యులు, వారి శాఖయైన వేంగీచాళుక్యులు, కాకతీయులు, తుదకు విజయనగర చక్రవర్తులు తమ ముద్రలయందు వరాహమూర్తినే నిలిపిరి. భూమిని కోఱతో నుద్ధరించిన విష్ణువునకు అది గుఱుతు. బంగారునాణెమునకు ‘వరాహ’ యను పేరు వచ్చినదియు దానినిబట్టియే. 1818లో చెన్నపురి ప్రభుత్వము రూపాయిని ప్రమాణముగా గైకొనువఱకు మన లెక్కలు వరాహలలోనే సాగెను.

ఈ లాంఛనమును గూర్చి మన చరిత్రకారులు విశేషముగా వ్రాసియున్నారు. ఊరపందిని మేపినవారిని గూర్చి వ్రాసినవారు మాత్రము మిక్కిలి తక్కువ. ఆ కొఱతను సూచించుటయే ఈ వ్యాసోద్దేశము.

పందిపెంపకము ఎల్లకాలమును నీచముగా నెంచబడినదని పలువురు తలచుచున్నారు. చరిత్ర అట్లు చెప్పుటలేదు. 1520 ప్రాంతమున, శ్రీకృష్ణదేవరాయల కాలమున, విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కసాయివారి వీథులలో తెల్లగా, శుభ్రముగా నున్న పందులను చూచి, వానికంటె మేలైనవి ఏ దేశమునను కానరావని మెచ్చుకొనెను. పందివెల నాలుగైదు పణములని తెలిపెను. వరాహకు పది పణములు గావున, ఒక వరాహకు రెండు పందులు లభించుచుండెనన్నమాట. పిదప వచ్చిన నూనిజ్, ఆ రాజులు భుజించు మాంసములలో పందిమాంసమును గూడ పేర్కొనెను. శ్రీకాళహస్తి కన్నప్ప శివునకు నివేదించినదియు పందిమాంసమే యని కథ.

పంది బురదలో పొరలుటచే అది అశుచి యని జనుల తలంపు. చెమటచే చల్లబడు శక్తి దానికి అత్యల్పము. ఎండతాపమునుండి తడిమన్నే దానిని కాపాడును. తగిన చోటిచ్చినచో అది పండుకొను తావును మలవిసర్జనము చేయు తావును వేఱుపఱచుకొనును. దాని చూలుకాలము సుమారు 114 దినములు. ఈనుటకు ముందు తల్లి గడ్డిని నోట కఱచి తెచ్చి గూడు కట్టుకొనును. పిల్లలలో ప్రతిదియు తన చన్నును నిర్ణయించుకొని దానినే కుడుచును. తల్లికి తవుడును కుడితియు పెట్టుట, పిల్లలకు వెచ్చదనము కల్పించుట, తల్లి పొరలినపుడు అవి దానిక్రింద నలుగకుండ కనిపెట్టుట పెంచువాని విద్య. ఇది తండ్రినుండి కొడుకునకు చేతిపనిగా వచ్చినది.

మనదేశమున ఈ విద్యను నిలిపినవారిలో ఎఱుకలవారు ముఖ్యులు. బుట్టలల్లుట, కరివేపాకు అమ్ముట, ఉప్పు మోయుట, ఎఱుక చెప్పుట వారి ఇతర వృత్తులు. రైలుమార్గములు వచ్చిన పిమ్మట ఉప్పువర్తకము వారి చేజాఱెను. 1882 నాటి చెన్నపురి అటవీచట్టముచే వెదురు తెచ్చుకొనుట కష్టమయ్యెను. బ్రదుకుతెరువులు ఇట్లు సన్నగిల్లిన జాతిపై 1911 నాటి నేరజాతుల చట్టము వచ్చి పడెను. నమోదైనవాడు పోలీసులయెదుట హాజరు పలుకవలెను. అనుమతిచీటి లేక ఊరు కదలరాదు. అట్టివానికి పందులను దూరపు సంతకు తోలుకొనిపోవుటయు దుర్లభమే గదా! 1913లో బాపట్లకు సమీపమున, ముక్తిఫౌజు పాలనలో, స్టూవర్టుపురము ఏర్పడెను. ఒకని నేరము జాతికెల్ల అంటగట్టబడెను. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను. నింద మాత్రము దానితో పోలేదు.

తిరుమలలో ముందుగా వరాహస్వామిని దర్శించి, పిదప శ్రీనివాసుని దర్శించుట సంప్రదాయము. ఆ శ్రీనివాసుడే ఆకాశరాజు నగరికి ఎఱుకలసాని వేషమున నేగెనని పెద్దలు చెప్పుదురు. వరాహమును పూజించి, ఎఱుకలసాని కథను విని యానందించు మనము, పందిని మేపు ఎఱుకలవానిని ఊరివెలుపల నుంచితిమి.

ఎఱుకలభాష ద్రావిడభాషలలోనిది. పందుల వయస్సును, రంగును, రోగమును, మేతను దెలుపు మాటలు ఆ భాషలో ఎవ్వియో, ఆ ఇండ్ల వృద్ధులకే తెలియును. శాసనములను వెదకి తెచ్చిన శ్రద్ధతోనే మన పరిశోధకులు వారి గుడిసెలకు బోయి ఆ మాటలను వ్రాసికొని రావలెను. ఆ వృద్ధులు ఉండగానే ఇది జరుగవలసియున్నది.