చలికాలపు తోడు

ధనుర్మాసం పెట్టిన దగ్గరనుంచి సంక్రాంతి వెళ్లేదాకా మా ముదినేపల్లి ప్రాంతపు ఇళ్లలో తెల్లవారుతూనే ఒక ప్రశ్న వినిపించేది: "పెరుగు తోడుకున్నదా?" తోడుకుంటే ఆ మాట అక్కడితో సరి. తోడుకోకపోతే ఆ రోజంతా ఆ ఇంట్లో మాటలు పొదుపుగా వుండేవి.

ఒక పూట మజ్జిగ లేకపోతే ముద్ద దిగదా అని చదువరులు నవ్వుకోవచ్చు. కాని ఆ కుండలో వున్నది మజ్జిగ ఒక్కటే కాదు. పెరుగు చిలికితే వెన్న, వెన్న కాస్తే నెయ్యి. పొలం మీద వచ్చే రాబడి మగవారి చేతిలో వుండేది. నేతి డబ్బు మటుకు చాలా ఇళ్లలో ఆడవారిది. పిల్లకు గాజులు కొన్నా, పుట్టింటికి వెళ్లి వచ్చినా అందులోనుంచే. ఇక చల్ల సంగతి చెప్పనక్కరలేదు. పాడి వున్న ఇంటికి పాడి లేని నాలుగిళ్లవారు చెంబు పట్టుకొని వచ్చేవారు, కోతకు వచ్చిన కూలీలకు కూడా అదే. కుండలో పాలు పేరుకోకపోతే ఈ వరుసంతా ఆగిపోయేది. అందుకని దీన్ని చిన్న విషయంగా తీసుకోకుండా, దాని వెనుకటి కథ కొంచెం చెప్పుకుందాం.

మనది చలిదేశం కాదు. పుష్యమాసంలో కూడా బందరులోగాని గుడివాడలోగాని తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర వుంటే, అదే మనకు వణుకు. అయితే మనిషి వణుకు వేరు, తోడు వణుకు వేరు. ఇంటి తోడులో రకరకాల సూక్ష్మజీవులు కలిసి వుంటాయి. వాటిలో కొన్ని 25, 30 డిగ్రీల దగ్గర పనిచేస్తాయి. గట్టి పెరుగు నిచ్చేవాటిలో కొన్నిటికి 40 డిగ్రీల పైన గాని హుషారు రాదు. ఎండాకాలంలో నాలుగైదు గంటల్లో తోడుకొనే గిన్నె, చలికాలంలో పది పన్నెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ ఆలస్యంలో అక్కరలేని జీవులకు అవకాశం దొరుకుతుంది. చలికాలపు పెరుగు ఒక్కొక్కసారి గరిటెతో ఎత్తితే తీగలు సాగుతుంది, మీరు చూసే వుంటారు. ఎవరో దిష్టి పెట్టారని మా వూళ్లో అనేవారు. అది దిష్టి కాదు, జిగురును తయారుచేసే జీవులు చల్లదనంలో పైచేయి కావడం.

వ్యవసాయంలో డిప్లొమా చదివినవాణ్ణి గనుక నాకు తోడు అంటే విత్తనం లాగానే తోస్తుంది. విత్తనం మంచిదైనా నేలలో పదును లేకపోతే మొలవదు. తోడుకు ఆ పదును వెచ్చదనం. ఇప్పుడు అసలు సంగతి. మన డెల్టా ఇళ్లలో పెరుగు కోసమని ప్రత్యేకంగా ఎవరూ నిప్పు రాజేసినట్టు లేదు. ఆ వెచ్చదనమంతా ఇంకో పని దగ్గరనుంచి అరువు తెచ్చుకున్నదే.

ఆ అరువు ఇచ్చినవాటిలో మొదటిది వరి. 1833 నాటి డొక్కల కరువు ఈ జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. ఆ తరువాత ఆర్థర్ కాటన్ వంటివారు పట్టుబట్టగా, 1852లో కెప్టెన్ ఆర్ ఆధ్వర్యాన బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855కు పూర్తయింది. కాలువ నీరు రావడంతో చేలు మాగాణులైనాయి. పంట పెరిగింది, పంటతోపాటు గడ్డీ ఊకా పెరిగినాయి. మేతకు వదిలిన బీళ్లు తగ్గాయిగాని, గడ్డివామి ఇంటి వెనకనే నిలబడింది. గడ్డి తిని చిక్కటి పాలిచ్చే గేదె మన పెరటికి తగిన జీవి అయింది. ఆనకట్ట చరిత్ర రాసినవారు ఎకరాలు లెక్కపెట్టారు, శిస్తు లెక్కపెట్టారు. ఊక గంపలో కూర్చున్న పెరుగు కుండను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అది వారి తప్పూ కాదు.

ఊక, గడ్డి వేడిని పుట్టించవు, వున్న వేడిని పోనివ్వవు. వాటి సందుల్లో నిలిచిపోయిన గాలి దుప్పటిలా పనిచేస్తుంది. వేడిని పుట్టించేది దాలి. పట్నంలో పెరిగిన చదువరుల కోసం చెబుతున్నాను: పెరట్లోనో వసారా మూలనో తవ్విన గుంట, అందులో పిడకలు, పైన ఊక. ఉదయం పాలకుండ అందులో పెడితే సాయంత్రందాకా మంట లేకుండా కాగుతూ వుండేది. పాలు ఎర్రబారి పైన వేలు మందాన మీగడ కట్టేది. పాలు కాగడం కోసం పెట్టిన దాలిలో, పాలు దించిన తరువాత కూడా బూడిద కింద వెచ్చదనం మిగిలేది. ఆ మిగులే తోడుకు ఆధారం.

మా నాయనమ్మ దాలి నేను చిన్నతనంలో చూశాను. దీపాలు పెట్టే వేళకు పాలు దించి, చల్లారనిచ్చి, చిటికెన వేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టేది. పదికి ముందే వేలు తీయవలసి వస్తే ఇంకా వేడి, పదిదాకా ఏమీ తెలియకపోతే మరీ చల్లన. తోడు వేసి, ఆరుతున్న దాలి పక్కన చుట్టకుదురు మీద కుండ పెట్టి, చుట్టూ ఊక దోసి, పైన పాత గోనె కప్పేది. ఆ తరువాత కుండను ఎవరూ కదపకూడదు. పిల్లలం ఆ పక్కకు పోతే కేక పడేది.

ఒక పుష్యమాసంలో నాయనమ్మ పెళ్లికని గుడివాడ వెళ్లి మూడు రోజులు వుండిపోయింది. ఆ మూడు రోజులూ అమ్మ తోడుపెట్టింది. ఒక్కరోజు కూడా పేరుకోలేదు. మూడోనాటికి ఇంట్లో తోడు కూడా అయిపోయింది. దీపాలు పెట్టాక ఇంటిలోనుంచి పెరుగూ ఉప్పూ బయటికి ఇవ్వరాదనే పట్టింపు మా వైపు గట్టిగా వుండేది. అమ్మ ఎండుమిరపకాయ తొడిమలు వేసి చూసింది. అదీ ఒక పద్ధతే, ఆ తొడిమల మీద కూడా పులిపించే జీవులు వుంటాయి. కాని అది వెచ్చగా వుంటేనే సాగేది. నాయనమ్మ వచ్చి కుండ చూసి, "చేతివాటం లేదమ్మాయ్" అన్నది. అమ్మ, "చెయ్యి కాదత్తయ్యా, పిడకలు తడిసినాయి, రెండు రోజులనుంచి దాలి వెయ్యలేదు, పాలు పొయ్యి మీదే కాచాను" అన్నది. నాయనమ్మ ఇంకేమీ అనలేదు. సాయంత్రం తనే వెళ్లి పొడి పిడకలు తెచ్చింది. ఆ మాట వినేనాటికి నేను బడికి వెళ్లే పిల్లవాణ్ణి. కారణం అమ్మకు తెలుసు, పేరు పడింది మటుకు చేతికి. ఇలా ఎన్ని ఇళ్లలో ఎందరు కోడళ్ల చేతులకు పేర్లు పడ్డాయో!

ఈ కష్టం కొత్తది కాదనడానికి మన వాఙ్మయంలోనే ఒక జాడ వున్నదేమోనని నా అనుమానం. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర వేళ ఘంటసాల దగ్గరి శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువును సేవించి, ఆ స్వామి ఆనతి మీద "ఆముక్తమాల్యద" రాశానని ఆ కావ్యంలోనే చెప్పుకున్నాడు. అందులో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏమి వడ్డించేవాడో వుంది. వానాకాలపు విస్తరిలో పెరుగు వున్నది. ఎండాకాలంలో నీరుచల్ల వున్నది. చలికాలానికి వచ్చేసరికి కొత్తబియ్యపు అన్నం, మిరియాలు, వేడినెయ్యి, పాలు కనిపిస్తాయి. పెరుగు మాట లేదు. చలికి ఒంటికి పెరుగు పడదనే కావచ్చు, కవి ఉద్దేశం మనకేమి తెలుసు? తోడుకోక కూడా కావచ్చునని పాడి ఇంట పుట్టినవాడిగా నాకు అనిపిస్తుంది.

మన ఇల్లాళ్లు వేలితో కొలిచిన సంగతికి శాస్త్రం పేరు పెట్టడానికి చాలాకాలం పట్టింది. 1780లో స్వీడన్ రసాయనజ్ఞుడు షీలే పులిసిన పాలనుంచి ఆమ్లాన్ని వేరుచేశాడు. అది జీవుల పని అని 1857లో పాశ్చర్ చూపాడు. 1905లో గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు జెనీవాలో, తన దేశపు పెరుగులోని సూక్ష్మజీవిని గుర్తించాడు. వెచ్చదనాన్ని కోరే జీవి అది. మనవాడి సంగతి కూడా ఒకటి చెప్పాలి. కొల్లేటికి అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో పరిశోధన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. రక్తహీనతకు పనికివచ్చే ఆ పదార్థానికి అప్పటి పేరు "లాక్టోబాసిల్లస్ కేసీ కారకం." పాలను పులిపించే ఆ జీవి పెరిగితే పదార్థం వున్నట్టు, పెరగకపోతే లేనట్టు. తోడు బంధువునే తూకపురాయిగా పెట్టుకున్నారన్నమాట.

పెరుగు ఒక్కటే కాదు, పులిసేది ఏదైనా ఇంతే. తరవాణి కుండను చలికాలంలో పొయ్యిగడ్డకు దగ్గరగా జరిపేవారు. ఇడ్లీపిండి ఇప్పటికీ పుష్యమాసంలో పొంగనని మొరాయిస్తుంది. బందరు, పెడనల కలంకారీవారు నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో వేసి ఊరబెట్టే కసిం కూడా పులిసి తయారయ్యేదే, దానికీ ఎండా వెచ్చదనమూ కావాలి. ఇది దారి తప్పిన మాట, మళ్లీ కుండ దగ్గరికి వస్తాను.

అరువు ఇచ్చినవి ఒకటొకటిగా వెళ్లిపోయాయి. 1999లో వచ్చిన దీపం పథకంతో పల్లెల్లో ఎన్నో ఇళ్లకు గ్యాసు పొయ్యి వచ్చింది. ఆడవారి కళ్లకు పొగ తప్పింది, అది గొప్ప మేలు. దాలి మళ్లీ తవ్వుకోమని నేనెన్నడూ చెప్పను. కాని పొయ్యి కట్టేసిన మరుక్షణం వెచ్చదనం కూడా ఆగిపోయింది. కోత యంత్రాలు వచ్చాక గడ్డి పొలంలోనే ముక్కలై పోతున్నది. మా వైపు వరిచేలు చాలావరకు చేపల చెరువులైనాయి, గడ్డివామి అరుదైపోయింది. ఊక మిల్లు దాటి ఇంటికి రావడం లేదు. పాలు పొద్దుటే కేంద్రానికి పోతున్నాయి, ఇంటికి మిగిలేది అరలీటరు.

ఈ అరలీటరు సంగతి చాలామంది గమనించరు. అయిదారు శేర్ల కుండ తన వేడిని తానే చాలాసేపు కాపాడుకుంటుంది. చిన్న స్టీలు గిన్నె గోరువెచ్చదనాన్ని గంటలోనే పోగొట్టుకుంటుంది. పల్చటి స్టీలుకు రాతిచిప్ప ఓపిక ఎక్కడిది? దానికి తోడు, తోడు కూడా ఫ్రిజ్‌లోనుంచి చల్లగా తీసి వేస్తున్నాం. "వెనుకటివారి చెయ్యి మంచిది" అంటాం. వెనుకటివారి కుండ పెద్దది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గ్రామంలో మహిళల సమావేశంలో నేను గొప్పగా ఉపాయం చెప్పాను. వేడి నిలిచే హాట్‌ప్యాక్ డబ్బాలో పాలు పోసి తోడువేసి మూత బిగించండి అన్నాను. ఎంత వేడిగా పోయాలో చెప్పడం మరిచాను. వేడి ఎంత వుంటే అంత మంచిదనుకొని కొందరు పొగలు కక్కే పాలలోనే తోడు కలిపారు. 50 డిగ్రీలు దాటిన పాలలో మన తోడు చాలావరకు చచ్చిపోతుంది. మరునాడు కొందరి డబ్బాల్లో పాలు పాలుగానే వున్నాయి, కొందరివి విరిగి నీళ్లు వేరయ్యాయి. ఒక పెద్దావిడ, "బాబూ, మా అత్తగారు వేలు ముంచమనేది, మీరు ముంచమనలేదే" అన్నది. అప్పటినుంచి నేను ముందు వేలు సంగతి చెప్పి, తరువాత డబ్బా సంగతి చెబుతున్నాను.

మీరు చేయదలిస్తే పద్ధతి ఇది. తోడును ఒక గంట ముందే ఫ్రిజ్‌లోనుంచి బయట పెట్టండి. పాలు బాగా మరిగించి, వేలు సుఖంగా ఓర్చుకొనేదాకా, అంటే 40 డిగ్రీలకు కొంచెం అటూయిటుగా చల్లారనివ్వండి. ఎండాకాలంలో వేసే తోడుకు చలికాలంలో రెట్టింపు వేసి, ఒక్కసారి కలిపి మూత పెట్టండి. గిన్నెను గుడ్డలో చుట్టి, ఊకగాని ఎండుగడ్డిగాని పరిచిన గంపలో దించి, పైన మందపాటి దుప్పటి కప్పండి. మధ్యలో మూత తీసి చూడకండి. పేరుకున్న వెంటనే తీసి చల్లటి చోట పెట్టాలి, లేకపోతే మన వెచ్చదనమే దాన్ని పులుపెక్కిస్తుంది.

2022లో మా ముదినేపల్లి మండలం కృష్ణా జిల్లానుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. చలి మటుకు పాత జిల్లాలో మాదిరిగానే వస్తున్నది. మొన్నటి పుష్యమాసంలో చెరువు నీటి పరీక్షకని వెళితే, ఒక రైతు ఇంటి వసారాలో రొయ్యలకు మంచు వేసి పంపే థర్మోకోల్ పెట్టె కనిపించింది. "ఇదేమిటమ్మా ఇక్కడ?" అని అడిగితే ఇల్లాలు మూత ఎత్తింది. లోపల పాత చీరలో చుట్టిన పెరుగు గిన్నె, దాని పక్కన వేడినీళ్లు పోసిన సీసా. మంచును కరగకుండా కాచే పెట్టె వెచ్చదనాన్ని కూడా కాస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గిన్నె నా చేతికి ఇంకా వెచ్చగానే తగిలింది. "వేలు ముంచారా?" అన్నాను. "ముంచకుండా ఎట్లా అండీ?" అని, నా కోసం అందులోనుంచి రెండు గరిటెలు తీసి చల్ల చేసింది.