క్యారీ కట్టిన బొమ్మరిల్లు

బొమ్మరిల్లు అంటే మన తరానికి 2006 నాటి సినిమానే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది నిజం బొమ్మరిల్లు గురించి. న్యూయార్క్‌లో క్యారీ స్టెట్‌హైమర్ 1916లో మొదలుపెట్టి దాదాపు ఇరవయ్యేళ్ళు కట్టింది.

చెల్లెళ్ళలో ఫ్లోరీన్ బొమ్మలు వేసేది, ఎటీ నవలలు రాసేది. నాటకాలకి రంగాలంకరణ చెయ్యాలనుకున్న క్యారీకి మాత్రం తల్లినీ, ఇంటినీ, ఆ ఇంటికొచ్చే కళాకారుల విందుల్నీ చూసుకోవడం మిగిలింది. తీరిక దొరికినప్పుడల్లా ఈ ఇల్లు. అడుగుకి అంగుళం లెక్కన పన్నెండు గదులు, గోడలకి కాగితాలు, దీపాలు, గోరంత మాజాంగ్ సెట్టు. ఉండేందుకు మనుషుల బొమ్మలు మాత్రం చెయ్యలేదు.

దీన్ని హాబీ అనడం నాకు మింగుడుపడదు (మా ఆఫీసులోనైతే సైడ్ ప్రాజెక్ట్ అంటాం). మార్సెల్ డ్యూషాం ‘మెట్లు దిగే నగ్నమూర్తి’ని 1918లో క్యారీ కోసం మూడంగుళాల్లో మళ్ళీ వేసిచ్చాడు. అది కళ. అది వేలాడే గోడ కట్టిన మనిషిది కాలక్షేపం!

1935లో తల్లి పోయింది, ముగ్గురూ కలిసున్న ఇల్లు చెదిరింది. క్యారీ పని కూడా అక్కడే ఆగింది. ఆమె పోయాక, 1945లో, ఎటీ దాన్ని న్యూయార్క్ నగర మ్యూజియానికి ఇచ్చేసింది.