హృదయవైఫల్యము – సాలూరు మన్యమున దాని కారకములు

దేహమునకు వలసినంత రక్తమును హృదయము పంపజాలని స్థితియే హృదయవైఫల్యము. రక్తపోటు, మధుమేహము, హృద్ధమనుల పూడిక, పొగాకు దీనికి లోకప్రసిద్ధములైన కారకములు. అయినను జాతాపు, సవర, కొండదొర, గదబ జనులు నివసించు సాలూరు కొండపల్లెలయందు ఈ పట్టిక యొక్కటియే చాలదు.

బాల్యమున స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవివలన గలిగిన గొంతునొప్పి, చికిత్స లేక కీళ్లవాతజ్వరముగా పరిణమించినచో, గుండెకవాటములు బిరుసెక్కి, సరిగా తెరచుకొనకయో మూసికొనకయో, యౌవనముననే హృదయమును అలయజేయును. మూడు నాలుగు వారముల కొకపరి యిచ్చు పెన్సిలిన్ సూదిమందు ఈ యనర్థమును చాలవఱకు నివారించుననుట మిక్కిలి ఆశాజనకము. మెట్ట యెక్కునపుడు ఆయాసము, వ్రేలితో నొక్కిన గుంటపడు పాదముల వాపు ఉపేక్షింపరాని లక్షణములు.

తీవ్రరక్తహీనత, కొడవలికణవ్యాధియు గుండెకు అధికశ్రమ కలిగించును. గిరిజనులలో ఈ రెండవదానిని ముందుగా గుర్తించుటకై 2023 జూలై 1న జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమము ప్రారంభమైనది.