డాలరు ఇల్లు

1970లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరపాలక సంస్థ తన చేతిలో పడివున్న పాత ఇళ్ళను ఒక్కొక్కటి ఒక్క డాలరుకు అమ్మింది. కొన్నవాళ్ళకు దక్కింది కప్పు కూలి, కిటికీలు ఊడిపోయిన ఇటుక గోడలు.

ఇల్లు ముసలిదైతే ధర పడిపోతుందని అనుకుంటాం. కానీ ఆ ఊళ్ళోనే అదే వయసు ఇళ్ళు కొన్ని వీధుల్లో నిలబడ్డాయి, కొన్ని వీధుల్లో కూలాయి. తేడా వచ్చింది అప్పు దగ్గర. 1930లలో కేంద్ర ప్రభుత్వ గృహరుణ సంస్థ చాలా నగరాలకు రంగుల మ్యాపులు గీయించింది. మంచి పేటకు ఆకుపచ్చ, తర్వాత నీలం, పసుపు. పాత ఇళ్ళు, నల్లజాతివాళ్ళు, కొత్తగా వలస వచ్చినవాళ్ళు ఉన్న చోటికి ఎరుపు. 1934లో మొదలైన ఇళ్ళ రుణాల బీమా కూడా ఇదే చూపుతో నడిచింది. శివార్లలో కొత్త ఇళ్ళకు అప్పు సులువుగా దొరికేది, ఎర్ర పేటల్లో పుట్టేది కాదు.

అప్పు పుట్టని ఇంటిని కొనేవాడుండడు. కొనేవాడు లేని ఇంటికి యజమాని సున్నం కూడా వేయించడు. దొరికినన్నాళ్ళు అద్దె పిండుకుని, పన్ను ఎగ్గొట్టి, చివరికి తాళం వేసి వెళ్ళిపోతాడు. పన్ను బాకీ కింద ఇల్లు నగరం చేతికొస్తుంది. 1950లో సుమారు తొమ్మిదిన్నర లక్షల జనం ఉన్న బాల్టిమోర్ ఆ తర్వాత ఏటేటా చిక్కిపోయింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత 1968లో చెలరేగిన అల్లర్లతో శివార్లకు తరలేవాళ్ళు ఇంకా పెరిగారు.

మందు పాత చట్టంలోంచి వచ్చింది. 1862లో లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, ప్రభుత్వ భూమిలో 160 ఎకరాల దాకా ఐదేళ్ళు సాగుచేసుకుని అక్కడే కాపురముంటే పట్టా ఇచ్చేవారు. అదే పద్ధతి ఇళ్ళకెందుకు పనికిరాదన్న ఆలోచనను 1973లో విల్మింగ్టన్, బాల్టిమోర్ నగరాలు అమలులో పెట్టాయి. బాల్టిమోర్‌లో మేయర్ విలియం డొనాల్డ్ షేఫర్, గృహనిర్మాణ కమిషనర్ రాబర్ట్ ఎంబ్రీ దీన్ని భుజాన వేసుకున్నారు. షరతులు రెండే: గడువులోగా బాగుచేయాలి, అందులోనే కాపురముండాలి.

పేరు తెచ్చిపెట్టింది ఓటర్‌బైన్ అనే పేట. హైవే వేస్తామని నగరం అక్కడి ఇళ్ళన్నీ ముందే తీసుకుని, ఉన్నవాళ్ళను ఖాళీ చేయించింది. తీరా రోడ్డు దారి మారింది. ఇళ్ళు మాత్రం వరసలకు వరసలు నగరం చేతిలో మిగిలాయి. 1975లో వందకు పైగా ఇళ్ళకు లాటరీ తీశారు. ఒక్కో ఇంటి మరమ్మతుకు వేల డాలర్లు కావాలి గనుక ప్రభుత్వమే తక్కువ వడ్డీకి రుణం సమకూర్చింది. డాలరు సంగతి పత్రికలకు పనికొచ్చింది, పేటను లేపింది ఈ రుణం. దానికి తోడు, పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ ఒకేసారి తాపీమేస్త్రీలను పిలిపించుకుంటుంటే, తన డబ్బు బూడిదలో పోసిన పన్నీరవుతుందన్న భయం ఎవరికీ లేకపోయింది. నడిచిపోయే దూరంలో రేవు ఒడ్డు కూడా బాగుపడుతోంది. 1980లో అక్కడ హార్బర్‌ప్లేస్ దుకాణాల సముదాయం తెరిచారు.

ఇప్పుడు ఓటర్‌బైన్ ఇళ్ళు లక్షల డాలర్లు పలుకుతాయి. హైవే పేరుతో వెళ్ళగొట్టినవాళ్ళకు అందులో వాటా లేదు. లాటరీలో నెగ్గినవాళ్ళలోనూ నిలదొక్కుకున్నది మరమ్మతు ఖర్చు మోయగల జీతం ఉన్నవాళ్ళే. ఈ ముచ్చట చెప్పేటప్పుడు చాలామంది ఈ మాట దాటేస్తారు.

1974లో కేంద్రం కూడా చట్టం చేసి, రుణం తీరక తన చేతికొచ్చిన ఇళ్ళను నగరాలకు ఇవ్వసాగింది. కానీ అవి ఒక వీధిలో ఒకటి, మరో వీధిలో ఒకటి. చుట్టూ పాడుబడ్డ ఇళ్ళ మధ్య ఒక్క ఇంటిని బాగుచేస్తే పెట్టిన ఖర్చు కూడా తిరిగి రాదు. 1990లలో ఆ పథకం ఆగిపోయింది.

2020 లెక్కల్లో బాల్టిమోర్ జనాభా ఆరు లక్షల లోపే. 2024లో నగరం మళ్ళీ డాలరు ధర ప్రకటించింది, తామే కాపురముంటామన్న వ్యక్తులకు. బిల్డర్లకు అదే ఇల్లు 3,000 డాలర్లు. ఈసారి ఇంకో నిబంధన చేర్చారు: మరమ్మతుకు కావలసిన డబ్బు ఉందని ముందే రుజువు చూపాలి.