ఆరు చుక్కల అక్షరములు

కన్ను లేనివానికి చెవి తోడు. చెవి లేనివానికి కన్ను తోడు. ఈ రెండును లేనివారికి తోడేది? స్పర్శ ఒక్కటే. ఈ చిన్న సమాధానము లోకమునకు తెలిసివచ్చుటకు చాలకాలము పట్టినది.

18వ శతాబ్దము చివర పారిస్ నగరమున వాలెంటిన్ హాయీ అంధులకు పాఠశాల నెలకొల్పి, మామూలు అక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చొత్తించెను. అవి చూచువారికి ఇంపుగనే యుండెను గాని వ్రేలితో తడవి చదువుట కష్టము. అంధులు స్వయముగా వ్రాయుట మరింత కష్టము. ఆ పాఠశాలలో చదివిన అంధబాలుడే లూయీ బ్రెయిల్. బార్బియే అను సైనికాధికారి కల్పించిన పండ్రెండు చుక్కల పద్ధతిని అతడు పదునైదేండ్ల ప్రాయమున ఆరు చుక్కలకు తగ్గించెను. ఒక్కొక్క అక్షరము వ్రేలికొన క్రింద ఇమిడినది. 1829లో ఆ లిపి ప్రకటితమైనది.

1837లో అమెరికాలోని పెర్కిన్స్ అంధ పాఠశాలకు లారా బ్రిడ్జ్‌మన్ అను బాలిక వచ్చెను. రెండేండ్ల వయసున జ్వరముచే ఆమె చూపును, వినికిడిని కోల్పోయినది. గురువగు హోవ్ చెంచాకు, తాళపుచెవికి ఉబ్బెత్తక్షరముల చీటీలు అంటించి, ప్రతి వస్తువునకు పేరు కలదని ఆమె వ్రేళ్లకు తెలియజేసెను. ఐరోపాలో చెవులు, కన్నులు రెండును పోయిన రచయిత హైరోనిమస్ లోర్మ్, అరచేతిని తాకియు, గీచియు మాటలు తెలుపు పద్ధతిని 1881లో తనకై కల్పించుకొనెను. చేతిలో వ్రేళ్ల గురుతులచే విద్య నేర్చిన హెలెన్ కెల్లర్ 1904లో పట్టభద్రురాలై, 1955లో మన దేశమునకును వచ్చెను.

1951లో రెండు మేళ్లు జరిగినవి. పెర్కిన్స్ పాఠశాలలో వడ్రంగము నేర్పు డేవిడ్ అబ్రహాము రూపొందించిన బ్రెయిల్ వ్రాత యంత్రము తయారగుట మొదలైనది. ఆరు చుక్కలకు ఆరు మీటలు. ఆ ఏడే భారతీయ భాషలన్నిటికి ఉమ్మడిగా భారతి బ్రెయిల్ అంగీకరింపబడెను.

నేడు మాటలాడు ఫోను అంధునికి ఉపకరించును. తెరపై వ్రాత బధిరునికి ఉపకరించును. రెండింటిని కలిపి యిచ్చినను బధిరాంధునికి ఒరుగునది లేదు. రెండు లోపముల కూడిక కాదది, వేరొక స్థితి. వానికి కావలసినది ఫోనులోని మాటలను వ్రేళ్ల క్రింద లేచి పడు చుక్కలుగా మార్చు బ్రెయిల్ పలక. అట్టి పలకలు నేడు కలవు. వాని వెల మాత్రము సామాన్య కుటుంబమునకు భారము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బధిరాంధత్వమును పేర్కొన్నది. కాన సహాయము కోరుట దేహీ యనుట కాదు, హక్కు.

ప్రవాసాంధ్రులమగు మనకు ఇందు వేరొక విశేషము కలదు. భారతి బ్రెయిలులో 'క' అనగా 1, 3 చుక్కలు. తెలుగున అదియే, కన్నడమున అదియే. తమిళము, ఒడియా, మరాఠీలందును అదియే. బెంగుళూరులో కన్నడ బ్రెయిలు నేర్చిన తెలుగుబిడ్డ మన భాష చదువుటకు వేరే లిపి నేర్వనక్కరలేదు. చూపున్న మన పిల్లలకు ఆ భాగ్యము లేదు గదా!

మన యిండ్లలో అట్టి బిడ్డ యున్నచో, ఏ పరికరమైనను కొనుటకు ముందు ఆ బిడ్డ చేతికిచ్చి చూడుడు. మన కంటికి నచ్చుట ముఖ్యము కాదు. ఉగాది పచ్చడిలోని ఆరు రుచులు తెలియుటకు కన్ను, చెవి అక్కరలేదు. ఈ ఆరు చుక్కలకును అంతే. పచ్చడి అందరికి పంచినట్లే అక్షరమును పంచుదము.