మోదుగుపూల రంగు నుంచి మెర్కెల్ క్యాన్సర్ దాకా

హోలీ అంటే మన ఆదిలాబాద్, కరీంనగర్ దిక్కు మోదుగుపూలు యాదికొస్తయి. పూలు ఉడకబెడితే నారింజ రంగు దిగుతది. ఒంటి మీద చల్లితే స్నానంతో పోతది. మరి బట్టకు ఆ రంగు నిలవాలంటే? పటిక కావాలి. అది ఒక దిక్కు నూలును, ఇంకో దిక్కు రంగును పట్టుకుంటది. క్యాన్సర్‌ను గుర్తుపట్టే పరీక్ష కూడా ఇదే అద్దకం పనిలోంచి పుట్టింది.

ఒంట్లోంచి తీసిన ముక్కను 3, 4 మైక్రాన్ల మందంతో కోసి మైక్రోస్కోప్ కింద పెడితే దాదాపు ఏమీ కనబడదు. మధ్య అమెరికాలో బట్టల అద్దకానికి వాడే ఒక చెట్టు ఉంది. దాని చేవలోంచి తీసేదే హెమటాక్సిలిన్. 1865లో బోమర్ దానికి పటిక కలిపాడు. కణాల కేంద్రకాలు నీలంగా తేలాయి. తర్వాత ఇయోసిన్ అనే గులాబీ రంగు తోడైంది. నేటికీ బయాప్సీలో మొదటి పరీక్ష ఈ జోడీతోనే.

1875లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ మెర్కెల్ చర్మంలో స్పర్శకు సంబంధించిన కణాలను వర్ణించాడు. 1972లో సిరిల్ టోకర్ ఐదుగురు రోగుల్లో ఒక వింత చర్మ క్యాన్సర్ చూసి, చెమట గ్రంథులది అనుకున్నాడు. 1978లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూస్తే మెర్కెల్ కణాల్లో ఉండే రేణువులే ఇందులోనూ కనిపించాయి. అట్లా దానికి మెర్కెల్ సెల్ కార్సినోమా అనే పేరు వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, నీలం–గులాబీ స్లైడ్ మీద ఇవి చిన్న నీలి గుండ్రటి కణాలు, అంతే. ఊపిరితిత్తుల నుంచి చర్మానికి పాకిన ఒక రకం క్యాన్సర్ కూడా అచ్చం ఇట్లనే ఉంటది. రెండింటి వైద్యం వేరు. మరి తేల్చేదెట్లా?

1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి మెరిసే రంగును అంటించింది. పటిక దొరికినదాన్నల్లా పట్టుకుంటది. యాంటీబాడీ తన ప్రొటీన్‌నే వెతికి పట్టుకుంటది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి చూపారు. 1984లో నోబెల్ అందుకున్నారు. 1992 నాటికి సీకే20 అనే ప్రొటీన్ ఈ క్యాన్సర్‌కు మంచి గుర్తని తేలింది. స్లైడ్ మీద నీలి కేంద్రకం పక్కన గోధుమరంగు చుక్క పడుతది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పట్టించే టీటీఎఫ్1 రంగు మాత్రం ఇందులో సాధారణంగా ఎక్కదు. ఒకటి ఎక్కి, ఇంకోటి ఎక్కకపోతే డాక్టర్‌కు దారి దొరికినట్టే.

ఈ క్యాన్సర్ మన దగ్గర చాలా అరుదు. కానీ తొందరగా పాకుతది, చాలాసార్లు నొప్పి ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ల ముఖం మీదో, చేతి మీదో ఎర్రటి గడ్డ వారాల్లోనే పెరుగుతుంటే "నొప్పి లేదు కదా" అని వదిలేయకండి. గడ్డ తీసేస్తే ఆ ముక్కను పారేయనీయొద్దు, ఫార్మలిన్‌లో పరీక్షకు పంపమని అడగండి. ముక్కను మైనంలో అమర్చి బ్లాక్ చేస్తారు. అది ఏళ్లతరబడి నిలుస్తది, మళ్లీ కోసి కొత్త రంగులు వేయొచ్చు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. రెండో అభిప్రాయం కోసం పెద్దమనిషిని అంతదూరం తిప్పకున్నా, ముందు ఆ చిన్న బ్లాక్ పోతే చాలు.